ట్రాన్స్‌ఫార్మర్ ‘బర్న్ డౌన్’ అయిందా, ‘బర్న్ అవుట్’ అయిందా?

ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. ఒడిశాలోని రాయగడలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న ఒకరు అడిగారు. “మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది” అనే వాక్యాన్ని ఆయన “ద ట్రాన్స్‌ఫార్మర్ బర్న్డ్ డౌన్” అని రాస్తే మాస్టారు ఎర్ర పెన్నుతో కొట్టేశారట. ఎందుకు తప్పో చెప్పలేదట. పక్క కుర్రాడు ‘బర్న్డ్ అవుట్’ అన్నాడు, ఇంకొకడు ‘బర్న్డ్ అప్’ అన్నాడు. పైగా ఆఫీసుల్లో మనుషులు కూడా ‘బర్న్ అవుట్’ అయ్యామంటున్నారు, ఇవన్నీ ఒకటేనా అని సందేహం.

సూటిగా జవాబు: ట్రాన్స్‌ఫార్మర్‌కి ‘బర్న్డ్ అవుట్’. ఇంటికి ‘బర్న్డ్ డౌన్’. ఆకాశంలో మండిపోయిన ఉపగ్రహానికి ‘బర్న్డ్ అప్’. మీ మాస్టారు కొట్టేయడం సబబే, కారణం చెప్పకపోవడం మాత్రం అన్యాయం.

నేను పర్లాకిమిడిలో ఇరవై ఏళ్ల పైనుంచి ఇంగ్లీషు చెప్తున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వాళ్లందరూ చేసే తప్పు ఇదే, ఎందుకు చేస్తారో కూడా తెలుసు. మనకి ఇల్లయినా, మోటారయినా, అన్నమయినా, గడ్డివామయినా ‘కాలిపోయింది’ అంటే చాలు. కాలి, పోయింది. ఒడియాలోనూ అదే కట్టు: ‘పోడి’ అంటే కాలి, ‘గలా’ అంటే పోయింది. హిందీలో ‘జల్ గయా’. మూడు భాషల్లోనూ ఆ ‘పోయింది’ అనేది పని పూర్తయిందని మాత్రమే చెప్తుంది, ఎలా పూర్తయిందో చెప్పదు. ఇంగ్లీషువాడు ఆ ‘పోయింది’ ఉన్న చోట డౌన్, అవుట్, అప్, ఆఫ్ అని రకరకాల ముక్కలు పెడతాడు. ఒక్కో ముక్కా ఒక్కో రకం పోవడం.

నేను పిల్లలకు చెప్పే కిటుకు ఒకటుంది. ఏ ముక్క పెట్టాలో తేలకపోతే “మంట ఆరాక ఏం మిగిలింది?” అని అడగండి. నిలబడి ఉన్నది నేలమట్టమైతే డౌన్. పైన డొల్ల మిగిలి లోపల అయిపోతే అవుట్. ఏమీ మిగలకపోతే అప్. అక్కర్లేనిది పోయి అడుగున కావలసింది బయటపడితే ఆఫ్.

ఇది ఏ గ్రామరు పుస్తకంలోనూ చదివింది కాదు. మా నాన్న షాపులో నేర్చుకున్నది.

నాన్నకి మోటారు రీవైండింగ్ షాపు ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే వంశధార పక్క ఊళ్ల నుంచి, కాశీనగరం వైపు నుంచి రైతులు పంపుసెట్లు మోసుకొచ్చేవారు. ఒకాయన నాకు బాగా గుర్తు. మోటారు దించి, తువ్వాలుతో దాన్ని తుడిచి మరీ చూపించాడు. ఆకుపచ్చ పెయింటు చెక్కుచెదరలేదు, షాఫ్టు చేత్తో తిప్పితే తిరుగుతోంది. “బాగానే ఉంది గదా బాబూ, కాలిపోయిందంటాడేటి మా వోడు?” అన్నాడు. నాన్న మాట్లాడకుండా నాలుగు బోల్టులు విప్పి పక్క మూత తీశాడు. మాడిన వార్నిష్ వాసన గుప్పుమంది. ఆ వాసన ఒక్కసారి పీలిస్తే జన్మలో మరిచిపోరు. లోపల రాగి తీగ చుట్టలు కొన్ని ఎర్రగా మెరుస్తున్నాయి, కొన్ని బొగ్గులా నల్లబడ్డాయి. “బయట ఏటి సూస్తావు, లోపల సూడు” అన్నాడు నాన్న. మూడు ఫేజుల్లో ఒకటి రాకపోతే మోటారు గుయ్‌మంటూ మిగతా రెండిటి మీదే లాగుతుంది. కరెంటు ఎక్కువై తీగ మీది వార్నిష్ మాడుతుంది, తీగకు తీగ తగులుకుంటుంది, అంతే. ఇనుము ఇనుములాగే ఉంటుంది.

ఇదే ‘బర్న్డ్ అవుట్’. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ సంగతీ అంతే. దిమ్మె మీద డబ్బా అలాగే నిలబడి ఉంది, లోపల వైండింగ్ పోయింది. ‘బర్న్డ్ డౌన్’ అంటే డబ్బా, దిమ్మె, స్తంభంతో సహా కాలి కూలిందని వినేవాడు అనుకుంటాడు. క్లచ్ ప్లేటు, ఇస్త్రీ పెట్టె కాయిలు, మిక్సీ మోటారు, వీటన్నిటికీ అవుటే.

ఒక చిన్న మినహాయింపు. ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలితే మాటల్లో ‘బ్లూ’ (blew, రంగు కాదు) అంటారు, అంటే పేలిందని. ఆయిల్ అంటుకుని మంటలు లేస్తే ‘కాట్ ఫైర్’ అనాలి. ఫ్యూజుకి కూడా ‘ద ఫ్యూజ్ బ్లూ’ అనే వాడుక, మనం ‘ఫ్యూజు ఎగిరిపోయింది’ అన్నట్టే. బల్బు విషయంలో ఇంకా తమాషా. అమెరికావాళ్లు ‘ద బల్బ్ బర్న్డ్ అవుట్’ అంటారు. బ్రిటన్‌లో మామూలుగా ‘ద బల్బ్ హాజ్ గాన్’ అంటారు, అచ్చం మన ‘బల్బు పోయింది’. ఎక్కడివాళ్లం ఎక్కడ కలిశామో చూడండి.

అవుట్‌కి రెండో ముఖం దీపం. చమురో ఒత్తో అయిపోయి దీపం దానంతట అది ఆరితే ‘ద ల్యాంప్ బర్న్డ్ అవుట్’. గాలికి ఆరితే ఇది కుదరదు, అప్పుడు ‘బ్లోన్ అవుట్’. మన ఇళ్లలో దేవుడి దీపం ఆరిపోయిందని అనరు కదా, ‘కొండెక్కింది’ అంటారు. అమ్మ దగ్గర నోరు జారి ‘ఆరిపోయింది’ అంటే మొట్టికాయ ఖాయం. ఇంగ్లీషు అవుట్‌లో అలాంటి మర్యాదేమీ లేదు, ఉన్న నూనె అయిపోయిందని మాత్రమే. అడవిలో మంట పొదలన్నీ అయిపోయి చల్లారితే ‘ద ఫైర్ బర్న్డ్ ఇట్‌సెల్ఫ్ అవుట్’. తనను తానే తినేసి ఆరిందన్నమాట. దీన్ని గుర్తుంచుకోండి, మనుషుల దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

మూడోది బస్సు. మన తెలుగు పేపర్లకి ఒకటే మాట: దగ్ధం. ఇల్లు దగ్ధం, బస్సు దగ్ధం, గడ్డివాము దగ్ధం. అనువాదం పరీక్షలో ఈ హెడ్డింగులు ఇస్తే మూడిటికీ మూడు రాయాలి. రోడ్డు పక్కన సీట్లన్నీ పోయి ఇనుప అస్థిపంజరంలా నిలబడ్డ బస్సు ‘ఎ బర్న్ట్-అవుట్ బస్’. మన ఇంగ్లీషు పేపర్లు దీనికే ‘గటెడ్’ అంటాయి. ‘గట్స్’ అంటే పేగులు. చేపను కడిగేటప్పుడు కడుపులోది తీసేయడానికి వాడే మాట అది. అక్కడా లోపలిదే పోయింది, చూశారా?

ఇక డౌన్. దీని మీద నా దగ్గర ఒక చేదు అనుభవం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక పాత విద్యార్థి వాళ్ల పూరిల్లు కాలిపోయింది. వంట పొయ్యి నుంచి రవ్వ లేచి కప్పుకి అంటుకుంది. సాయం కోసం వాడే ఇంగ్లీషులో అర్జీ రాసి ఒక ఆఫీసులో ఇచ్చాడు: “అవర్ హౌస్ బర్న్డ్ అవుట్.” అక్కడి గుమాస్తా చదివి, గోడలున్నట్టే కదా, పాక్షిక నష్టం కింద రాస్తానన్నాడట. వాడు ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చాడు. వెళ్లి చూస్తే నాలుగు కాలిన రాటలు, ఒక ఇత్తడి బిందె, అంతే. “అవర్ హౌస్ బర్న్డ్ డౌన్, నథింగ్ ఈజ్ లెఫ్ట్” అని మార్చి, ఫొటో జతచేసి మళ్లీ ఇప్పించాను. గుమాస్తాకి నిజంగా ఇంగ్లీషు తేడా పట్టిందో, సాకు దొరికిందో నాకు అనుమానమే. ఏదైనా మొదటి అర్జీలో మాట సరిగ్గా ఉంటే ఆ సాకు దొరికేది కాదు.

అదే సంఘటనలో అవుట్ సరిగ్గా వాడే పద్ధతి కూడా ఉంది, కాకపోతే అది ఇంటికి కాదు, మనుషులకి. “దే వర్ బర్న్డ్ అవుట్ ఆఫ్ దెయిర్ హోమ్.” మంటల వల్ల ఇంట్లోంచి బయటపడి నిలువ నీడ లేకుండా అయ్యారని. ఈ ‘ఆఫ్’ (of, కిటుకులో చెప్పిన off కాదు) వచ్చి చేరగానే అర్థం మొత్తం మారింది. పరీక్షల్లో ఇది అరుదు, పేపర్లలో కనబడుతుంది.

డౌన్‌కి ఇంకో వాడుక: కొవ్వొత్తి కాలి కాలి పొట్టిదవడం, పొయ్యిలో మంట తగ్గడం. ‘ద ఫైర్ బర్న్డ్ డౌన్’ అంటే మంట కూలిపోలేదు, నిప్పుల స్థాయికి దిగింది. ఎత్తు తగ్గిందనే అర్థం ఇక్కడా ఉంది కాబట్టి కిటుకు పనిచేస్తుంది.

మాటల వరుస దగ్గర మార్కులు పోతాయి. ‘దే బర్న్డ్ డౌన్ ద షెడ్’, ‘దే బర్న్డ్ ద షెడ్ డౌన్’ రెండూ సరే. కానీ షెడ్డు బదులు ‘ఇట్’ పెడితే అది మధ్యలోనే కూర్చోవాలి: ‘దే బర్న్డ్ ఇట్ డౌన్’. ‘బర్న్డ్ డౌన్ ఇట్’ అంటే తప్పు. అవుట్‌కీ అప్‌కీ ఇదే లెక్క. మనకి ‘కాలు’, ‘కాల్చు’ అని రెండు వేరు క్రియలున్నాయి, వాళ్లకి రెండిటికీ ‘బర్న్’ ఒక్కటే. అందుకే ‘ద హౌస్ బర్న్డ్ డౌన్’ అంటే కాలిపోయింది, ‘దే బర్న్డ్ డౌన్ ద హౌస్’ అంటే కాల్చేశారు. ఇల్లు దానంతట కాలినా ‘వాజ్’ పెట్టి ‘ద హౌస్ వాజ్ బర్న్డ్ డౌన్’ అని రాసేవాళ్లు చాలామంది. గ్రామరు తప్పు కాదు గానీ ఎవరో కాల్చారన్న వాసన వస్తుంది. పోలీసు రిపోర్టులో అయితే కొంప ముంచే తేడా.

అప్‌కి మంచి ఉదాహరణ మన ఇస్రోదే. 2011లో పంపిన మేఘా-ట్రాపిక్స్-1 ఉపగ్రహం పని ముగిశాక, 2023 మార్చి 7న దాన్ని పసిఫిక్ మహాసముద్రం మీదుగా వాతావరణంలోకి దించారు. గాలిలోకి అతివేగంగా దూసుకొచ్చినప్పుడు పుట్టే వేడిలో అక్కడే మండిపోయేలా ఏర్పాటు. దానికి మాట ‘బర్న్డ్ అప్’. ఉల్కలకీ ఇదే. నిలబడ్డది కూలడం లేదు, డొల్ల మిగలడం లేదు, ఉన్నదంతా హరించుకుపోయింది. పెట్రోలు ఎక్కువ తాగే బండి ‘బర్న్స్ అప్ ఫ్యూయల్’. గడ్డివాముకి కూడా నేనైతే అప్పే రాస్తాను.

జ్వరం సంగతి మరీ బాగుంటుంది. పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి “ఒళ్లు కాలిపోతోంది” అంటాం కదా, ఇంగ్లీషులో అచ్చంగా ‘హి ఈజ్ బర్నింగ్ అప్’. ఇక్కడ ‘ఏం మిగిలింది’ అని అడగకండి, నా కిటుకు ఇక్కడ చెల్లదు. అమెరికన్ మాటల్లో ‘ఇట్ బర్న్స్ మీ అప్’ అంటే “నాకు ఒళ్లు మండుతోంది”, అంటే కోపం. మనకి కాలితే జ్వరం, మండితే కోపం. వాళ్లకి రెండూ అప్పే. ఒకే ముక్క, సందర్భం చూసుకోవడమే.

ఆఫ్, త్రూ త్వరగా చెప్పేస్తాను. చలికాలంలో మహేంద్రగిరి మీద పొద్దున్న పొగమంచు కమ్ముకుంటుంది. 1501 మీటర్ల కొండ, తొమ్మిదింటి దాకా శిఖరం కనబడదు. ఎండ ఎక్కాక మంచు విడిపోతే ‘ద ఫాగ్ బర్న్డ్ ఆఫ్’. మంటే లేదు చూడండి. మా చుట్టుపక్కల కొండల్లో సవరలు చేసే పోడు వ్యవసాయంలో వేసవిలో తుప్పలు కొట్టి ఎండబెట్టి, వానలకు ముందు తగలబెట్టి ఆ బూడిదలో విత్తుతారు. తుప్పలను అలా తొలగించడం ‘బర్నింగ్ ఆఫ్’. కొండ మిగలాలి, తుప్ప పోవాలి. దాన్ని ‘బర్న్డ్ డౌన్ ద హిల్’ అని ఒక అమ్మాయి రాసింది. కొండనే కూల్చేశావా తల్లీ అంటే క్లాసంతా నవ్వు. ఒంట్లో కొవ్వు కరిగించడం కూడా ఆఫే. కేలరీలకు మాత్రం ఆఫ్, అప్ రెండూ నడుస్తాయి, దాని మీద ఎవరైనా వాదించినా పట్టించుకోకండి. ‘బర్న్ త్రూ’ అంటే డబ్బు మంచినీళ్లలా ఖర్చు చేయడం.

ఇప్పుడు మనుషులు. మీరు అడిగిన దానిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

ఉద్యోగి ‘బర్న్డ్ అవుట్’ అంటే పైకి మనిషి బాగానే ఉన్నాడు, రోజూ టైముకి వస్తున్నాడు, లోపల వైండింగ్ పోయింది. నాన్న షాపులో ఆకుపచ్చ మోటారు లాగే. ఈ వాడుకకు పేరు తెచ్చింది హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే న్యూయార్క్ సైకాలజిస్టు. ఉచిత క్లినిక్‌లో పనిచేసే వాలంటీర్లు ఎంతో ఉత్సాహంగా చేరి కొన్నాళ్లకి ఎలా అయిపోతున్నారో చూసి 1974లో వ్యాసం రాశాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే మరో సైకాలజిస్టు దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, చేసే పని మీద మనసు విరగడం, పని సరిగా చేయలేకపోవడం. అయితే దీన్ని జబ్బు అనలేదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితి అంది. ఇంటి గొడవలకూ ప్రేమ వైఫల్యాలకూ ఈ మాట వాడేవాళ్లు ఉన్నారు గానీ, ఆ సంస్థ లెక్కలో ఇది పనికే పరిమితం.

‘టైర్డ్’కీ దీనికీ తేడా నేను పడి తెలుసుకున్నాను. ఒకప్పుడు రోజుకి నాలుగు బ్యాచులు చెప్పేవాణ్ణి. అలసట అనుకుని నాలుగు రోజులు అత్తవారింటికి పోయి కడుపునిండా తిని పడుకుని వచ్చాను. సోమవారం పొద్దున్న మెట్ల మీద పిల్లల చెప్పుల చప్పుడు వినబడగానే మళ్లీ కడుపులో దేవినట్టయింది. ఆ చప్పుడంటే నాకు ప్రాణం ఒకప్పుడు. నిద్రపోతే తీరేది ‘టైర్డ్’, తీరనిది ఇది. రెండు బ్యాచులు తగ్గించుకున్నాకే మనిషినయ్యాను.

తెలుగులో ఏమనాలి అని అడుగుతారు. ‘అలసిపోయాను’ చాలదు. ‘విసిగిపోయాను’ కొంత దగ్గర. నాకు నచ్చేది ‘కొడిగట్టడం’. ఒత్తి కొసన నల్లటి కొడి పేరుకుని దీపం మినుకుమినుకుమంటుంది చూడండి, అది. ‘కొడిగట్టిన దీపంలా ఉన్నాడు’ అంటే మా అమ్మమ్మకి కూడా అర్థమవుతుంది. కాకపోతే అది చావు దగ్గరపడ్డ వాళ్లకీ వాడతారు, ఆఫీసులో అనేముందు కాస్త చూసుకోండి. మామూలు మాటల్లో మాత్రం బర్నౌట్ అనే అనేస్తున్నారు, అదీ తప్పేం కాదు. జనం నోట నలిగిన మాటే భాష అని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే, సవర భాష నేర్చుకుంది ఈ కొండల మనుషుల దగ్గరే. ఆయన పేరు చెప్పుకుని నేను బర్నౌట్‌కి తెలుగులో చోటిచ్చేశాను.

రాసేటప్పుడు రూపం జాగ్రత్త. ‘ఐ యామ్ బర్న్ అవుట్’ ఎక్కడా చెల్లదు. ‘ఐ యామ్ బర్న్డ్ అవుట్’ లేదా ‘బర్న్ట్ అవుట్’. ఇంకా అవుతూ ఉంటే ‘ఐ యామ్ బర్నింగ్ అవుట్’. ఎదుటివాడికి సలహా చెప్పాలంటే ‘డోంట్ బర్న్ యువర్‌సెల్ఫ్ అవుట్’, పైన అడవి మంట తనను తానే తినేసిందే, అదే కట్టు. క్రియ అయితే రెండు మాటలు, విడిగా రాయాలి, నొక్కు అవుట్ మీద. స్థితి పేరైతే ఒకే మాట, కలిపి రాయాలి, నొక్కు బర్న్ మీద. మధ్యలో గీత పెట్టి రాసినా తప్పు పట్టరు, ఆరోగ్య సంస్థ అలాగే రాస్తుంది. రాకెట్టులో ఇంధనం పూర్తిగా అయిపోయిన క్షణాన్ని కూడా ఇదే మాటతో బర్నౌట్ అంటారు, దానికి టెన్షన్‌తో సంబంధం లేదు. ఇక బర్న్డ్, బర్న్ట్ గొడవ: అమెరికాలో బర్న్డ్ ఎక్కువ, బ్రిటన్‌లో రెండూ ఉన్నాయి, మాడిన రొట్టె లాంటి విశేషణాలకు బర్న్ట్ ఎక్కువ. ఒకే జవాబులో రెండూ కలపకుండా ఉంటే చాలు.

మా దగ్గర చదివి నర్సుగా చేరిన అమ్మాయి ఒక ఆస్పత్రిలో సెలవు చీటీ రాసింది: “ఐ యామ్ బర్న్ అవుట్ డ్యూ టు నైట్ డ్యూటీస్.” హెడ్ నర్సు కంగారుగా పరుగెత్తుకొచ్చి “ఎక్కడ కాలిందమ్మా?” అని చేతులు తిప్పి చూసిందట. ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది, తర్వాత కొంచెం ఏడ్చింది కూడా. ‘డ్’ చేర్చి సరిచేయమంటానని అనుకుంది, నేను ఆ మాటే తీసేయమన్నాను. సెలవు చీటీలో ‘బర్న్డ్ అవుట్’ అంటే పై అధికారికి అది ఆరోపణలా వినబడుతుంది, మీరు నన్ను పిండేశారు అన్నట్టు. “ఐ హావ్ డన్ ట్వెల్వ్ నైట్ డ్యూటీస్ ఇన్ ఎ రో అండ్ నీడ్ రెస్ట్” అని లెక్కతో రాయమన్నాను. రెండు రోజులు ఇచ్చారు.

మీ వాక్యం విషయానికొస్తే, “ద ట్రాన్స్‌ఫార్మర్ ఇన్ అవర్ స్ట్రీట్ హాజ్ బర్న్డ్ అవుట్” అని రాయండి. ఇంకా కరెంటు రాలేదు కాబట్టి ‘హాజ్’. కొత్తది బిగించాక అయితే ‘లాస్ట్ వీక్’ అని చేర్చి ‘హాజ్’ తీసేయండి.